గాలయ్య మామ ఫోటో

మా మార్కండేయ కాలనీ వాట్సాప్ గ్రూపుకు నేనే అడ్మిన్‌ను. కోరి తెచ్చుకున్న పదవి కాదు, ఇంకెవరూ ఒప్పుకోకపోతే నా మెడకు చుట్టుకుంది. రెండేళ్ల కింద నల్లగొండలో పట్టపగలు మా వీధిలోనే ఒకామె పుస్తెలతాడు తెంపుకుపోయారు. పోలీసులొచ్చి, ఒకరికొకరు సమాచారం చెప్పుకుంటే సగం దొంగతనాలు ఆగుతాయన్నారు. అందుకని పెట్టిన గ్రూపు. ఇప్పుడు తెల్లారితే అందులో గులాబీలు, దేవుడి బొమ్మలు. రేపు నల్లా రాదని నేను రాస్తే దాని కింద దండాలు పెడతారు. మర్నాడు బిందె పట్టుకొని వచ్చి, నల్లా ఎందుకు రాలేదని నన్నే అడుగుతారు. చూస్తారు, చదవరు. అదే నా ఏడుపు.

మొన్న మే నెలలో ఒకరోజు పొద్దున అండాలు చెప్పులు కూడా లేకుండా మా ఇంటికి ఉరికొచ్చింది. మా పక్కింటి కోడలు. మొగుడు దామోదర్ బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గాల మీద పని చేస్తాడు. ఇక్కడ ఉండేది ఆమె, ముసలి మామ గాలయ్య. ఒకప్పుడు పేరున్న నేతగాడు, మూడేళ్లుగా మతి నిలవడం లేదు. మగ్గం మూలకు పడినా, సొసైటీకి పోయి నూలు తేవాలని బయలుదేరుతుంటాడు. ఆ సొసైటీ ఎప్పుడో మూతపడిందని ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. ఆ రోజు అండాలు బట్టలు ఆరేసి వచ్చేసరికి మనిషి లేడు. సందులన్నీ వెతికి నా దగ్గరికి వచ్చింది. ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. మధ్యాహ్నం దాకా దొరక్కపోతే ఆయన దక్కడని ఇద్దరికీ తెలుసు.

"గ్రూపుల పెట్టు లీలక్కా. ఎవలన్న చూసిండ్రేమో."

ఫోటో అడిగాను. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే, ఏదో పెళ్లిలో తీసింది. తెల్లచొక్కా, భుజాన కండువా, నుదుట బొట్టు. ముందు ఫోటో పెట్టేసి, కింద సంగతి రాయడం మొదలుపెట్టాను. ఫోన్లో తెలుగు అక్షరాలు వెతుక్కోవడానికి నాకు కాస్త టైం పడుతుంది. మామ కనబడటం లేదని రాసి పంపేలోపే ఫోన్ మోగడం మొదలైంది.

ఓం శాంతి. ఓం శాంతి. ఆత్మకు శాంతి కలగాలి. మంచి మనిషి పోయిండు.

మా కాలనీలో ముసలివాళ్ల ఫోటో గ్రూపులోకి ఎక్కేది ఒక్కసారే. వెనకట చావు కబురు ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఫోటో పెడితే చెప్పినట్టే. బతికున్న ముసలాయన ఫోటో ఎవరు పెడతారు? బొమ్మ చూశారు, ఖాయం చేసుకున్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది వీళ్ల తెలివి.

మనిషి బతికే ఉన్నాడు, తప్పిపోయాడు, కాస్త చదవండి తల్లీ అని రాశాను. అది శాంతుల కింద మునిగిపోయింది. గొంతు రికార్డు చేసి పంపితే ఒక్కరూ వినలేదు. ఫోటో తీసేశాను. అప్పటికే అది వేరే గ్రూపుల్లోకి పోయింది. అందరికంటే ముందు శాంతి పెట్టిన వెనక వీధి రోజారమణికి ఫోన్ చేస్తే ఏడుస్తూ ఎత్తి, నా మాట పూర్తికాకుండానే వస్తున్నా అక్కా అని పెట్టేసింది. అవతల ముసలాయన ఏ రోడ్డు మీద పడ్డాడో తెలియదు, ఇవతల నేను చచ్చినవాణ్ణి బతికించే పనిలో ఉన్నాను. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

కాసేపట్లో అండాలు ఇంటి ముందు జనం చేరారు. కాలనీ అధ్యక్షుడు దివాకర్ బంతిపూల దండతో వచ్చాడు. ఎవరో కుర్చీలు వేయించారు. అప్పుడు గొంతు చించుకొని ఒక్కొక్కరికీ చెప్పాను. హమ్మయ్య అన్నారే కానీ ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. పిండిగిర్ని వెంకన్న మాత్రం తల గోక్కుంటూ నా పక్కకు వచ్చాడు.

"లీలక్కా, ఇందాక గడియారం సెంటర్ కాడ చూసిన. దేవరకొండ రోడ్డు పట్టి పోతాండు. పోయిన గాలయ్య లెక్కనే ఉన్నడే పాపం అనుకున్న."

కళ్లెదుట నడిచిపోతున్న మనిషిని, ఫోన్లో చచ్చిపోయాడని వదిలేశాడు. నేను తిట్టేలోపు అండాలు గడపలో లేచి నిలబడింది. అరవలేదు.

"సచ్చిండంటే గింతమంది వచ్చిండ్రు. బతికుండంగ ఎతకనీకి ఒక్కలు కూడ లేరా?"

అప్పుడు బండ్లు కదిలాయి. నేను వెంకన్న బండి మీద కూర్చున్నాను. ఊరు దాటాక ఒక చెరుకు రసం బండి గొడుగు కింద గాలయ్య మామ కనిపించాడు. కాళ్లు బొబ్బలెక్కాయి. లారీలకు అడ్డం పోతుంటే ఆ బండి అతను పట్టి కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, ఎవరైనా రాకపోతారా అని చూస్తున్నాడట. మామ పేరు కూడా తెలియదు ఆయనకు. పేరు తెలిసిన మేమేమో శాంతి చేసి కూర్చున్నాం.

దవాఖానలో గ్లూకోజ్ ఎక్కించి ఆటోలో తెచ్చేసరికి సాయంత్రమైంది. వాకిట్లో జనం తగ్గలేదు సరికదా, పెరిగారు. ఫోటో చూసి చిట్యాల నుంచి చుట్టాలు తెల్లగుడ్డతో దిగారు. ఆటో దిగిన గాలయ్య మామ గుంపును చూసి ఆగిపోయాడు. చేతులు జోడించి, కోడలిని మెల్లగా అడిగాడు.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

దివాకర్ దండను వెనక్కి దాచుకున్నాడు. అండాలు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎవ్వలు పోలే మామా. అందరు నీకోసమే వచ్చిండ్రు."

"నాకోసమా? గింతమందా?"

ఆయన మొహం విప్పారింది. మూడేళ్లలో ఆ గడప తొక్కి ఆయనతో నాలుగు మాటలు మాట్లాడినవాళ్లు లేరు. కుంటుకుంటూ ఒక్కొక్కరి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకొని, చాయ్ తాగకుండా పోవద్దని బతిమాలాడు. అందర్నీ కడిగేద్దామని దారిపొడుగునా మాటలు కూడగట్టుకొని వచ్చాను. నా చెయ్యి కూడా పట్టుకొని కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.