జెల్మర్ గొంతు

"కాస్త గొంతు తగ్గించి మాట్లాడు వీట్స్‌కె, చెవుల్లో గుచ్చుకుంటోంది" అన్నాడు మా ఆయన జెల్మర్.

బంగాళదుంపల చెక్కు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. నిన్నమొన్నటి దాకా అతని గొంతే నాకన్నా సన్నం. మీసాలొచ్చినా వదలని పసిగొంతు. ఫోనెత్తితే "మేడమ్, మీవారున్నారా?" అనేవాళ్ళు. అందుకే బ్యాంకుకీ, డాక్టరుకీ, ప్లంబరుకీ అన్ని ఫోన్లూ నేనే చేసేదాన్ని.

లీవార్డెన్ పట్నంలో గొంతు థెరపిస్టు అతనికి కసరత్తులు నేర్పింది. దగ్గి, ఆ దగ్గు చివరి మోతని పట్టుకుని 'మ్‌మ్' అంటూ సాగదీయాలి. అంతసేపూ పక్కవాళ్ళు మెడ ముందు పొడుచుకొచ్చే కంఠమణిని వేళ్ళతో మెల్లగా కిందికి అదిమి పట్టాలి. ఆ పక్కమనిషిని నేనే. రోజూ నా కాఫీ చల్లారిపోయేది. మొదటిసారి ఆ బరువైన మోత పలికినప్పుడు నా భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. నాకూ ఆనందమే, అబద్ధమెందుకు?

తర్వాతే మొదలైంది. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, ఊళ్ళో అద్దె ఇళ్ళు చూసే సంస్థ. కురుస్తున్న ఇళ్ళ కప్పులు ముందు బాగుచేద్దామని మీటింగులో నేనంటే ఎవరూ తలెత్తలేదు. కాసేపటికి అదే మాట జెల్మర్ అన్నాడు. అందరూ రాసుకున్నారు. మా అత్తగారు ఆవ్‌క్యె అయితే, ఇన్నాళ్ళకి మా ఇంట్లో మగగొంతు వినబడుతోందని మురిసిపోయింది. ఆ గొంతు నా వేళ్ళతో దించిందే. స్నానాల గదిలో తలుపేసుకుని నా కంఠాన్నీ అదిమి చూసుకున్నాను. దగ్గే మిగిలింది. మొగుడి మీద కాదు, మొగుడి గొంతు మీద అసూయ. ఎవరికి చెప్పుకోను?

ఆఫీసులో మా విభాగం పెద్ద రిటైరయ్యాడు. ఆ ఉద్యోగానికి జెల్మర్ దరఖాస్తు పెట్టాడు. నేనూ పెడదామనుకుంటున్నానంటే నవ్వాడు.

"పని నీకే బాగా వచ్చు, కాదనను. ఆ గొంతుతో పదిమందిని ఎలా నడిపిస్తావు?"

ఇంటర్వ్యూ రోజు పొద్దున భయానికి అతని గొంతు పట్టు తప్పి పైకెక్కింది. "వీట్స్‌కె, పట్టుకోవా" అని కీచుగా అంటూ మెడ చాపాడు. లోపల ఒక పాడు సంతోషం పొంగింది. అలాగే వదిలేద్దామనిపించింది. ఆ కీచుగొంతుతోనే వెళ్ళనీ, ప్రశ్నలడిగేవాళ్ళు నవ్వనీ అనిపించింది. కానీ అలా గెలవడం నాకు వద్దు. వేళ్ళు వేసి అదిమాను. దగ్గాడు, మూలిగాడు. గొంతు మెల్లగా దిగి గుండెలో కూర్చుంది.

"బతికించావు" అన్నాడు గంభీరంగా.

"నీ తర్వాత పిలిచేది నన్నే. నేనూ దరఖాస్తు పెట్టాను" అన్నాను, నా గొంతుతోనే.

"నువ్వా?"

ఆ ఒక్క మాట మళ్ళీ కీచుగా వచ్చింది. ఈసారి నా చెయ్యి లేవలేదు.