గురునాథరావు ఇంటి భజన

భిలాయి క్యాంప్ 1లో తెలుగువాళ్ళ సందులోకి వచ్చి ఎవరినడిగినా గురునాథరావు ఇల్లు చూపిస్తారు. శనివారం సాయంత్రం ఆరయ్యేసరికి ఆ ఇంట్లో హార్మోనియం మోగాల్సిందే. ముందుగదిలో సింహాద్రి అప్పన్న పటం, దాని ముందు నడుమెత్తు ఇత్తడి దీపపు సెమ్మె, చాప మీద ఇంటిల్లిపాదీ. ఆయన హార్మోనియం పట్టేవాడు, భార్య అప్పలకొండ తాళాలు వేసేది, కొడుకు రాజేశ్ డోలక్ వాయించేవాడు. దారినపోయేవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఒక దణ్ణం పెట్టుకుని పోయేవారు. ఇల్లంటే ఇలా ఉండాలి అనుకునేవారు.

ఆయన తొడ పక్కన ఒక జత చిడతలు ఎప్పుడూ ఉండేవి. వాటిని వాయించే మనిషి మాత్రం ఆ ఇంట్లో లేడు.

పాలకొండ దగ్గర పల్లె నుంచి పంతొమ్మిదో ఏట అప్పలకొండ ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన మొదటి శనివారం, పుట్టింట్లో పాడినట్టే గొంతు విప్పి పాడింది. వినడానికొచ్చిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "ఓలమ్మ, ఇదేటి గొంతు! కొండమీది సామికి ఇనబడిపోనాది" అన్నారు. వాళ్ళు వెళ్ళాక వంటగదిలో గురునాథరావు ఆమె జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు.

"నా పక్కన కూకుని నాకంటే పైకి పోతావేటే?"

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఆమె ఆయన గొంతుకి ఒక మెట్టు కిందే పాడింది. ఏడేళ్ళ వయసులో రాజేశ్ తాళం తప్పితే మెడకింద ఎముక విరిగింది. మంచం మీంచి పడ్డాడని ఆస్పత్రిలో చెప్పింది అప్పలకొండే. తన చెయ్యి విరిగినప్పుడు నూతి గట్టు మీద జారానంది. చెవి వాచినప్పుడు పంటి నొప్పంది.

ఆమెకి కొరుకుడుపడనిది ఒకటే. ఆయన పాటలో మోసం లేదు. ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పై రెండేళ్ళు వేడికి కాగిన మనిషి, కళ్ళు మూసుకుని "అప్పన్నా" అని ఎత్తుకుంటే చెంపల మీద నీళ్ళు ధారగా కారేవి. ఆ కాసేపూ ఆమె ఆయన్ని ద్వేషించలేకపోయేది. పాట అయిపోయాక ఆ నీళ్ళు తుడుచుకున్న చెయ్యే లేచేది.

పోయిన మాఘంలో రాజేశ్‌కి పెళ్ళయింది. కోడలు రజనీకుమారి స్మృతి నగర్ పిల్ల. పుట్టింది, పెరిగింది, చదివింది అంతా భిలాయిలోనే. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అత్తగారు పాటలు చెబుతుంటే నోటుబుక్కులో హిందీ అక్షరాల్లో రాసుకునేది. గట్టిగా నవ్వే పిల్ల. ఆ ఇంట్లో నవ్వు వినపడితే మొదట్లో అప్పలకొండ ఉలిక్కిపడి భర్త వైపు చూసేది. కొత్త కోడలి ముందు ఆయన తొమ్మిది నెలలు చేతులు అదుపులో పెట్టుకున్నాడు. రాజేశ్ కూడా ఆమెకి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

కార్తీక మాసంలో ఒక శనివారం రామచంద్రరావు గారొచ్చారు. ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా చేసి దిగిపోయిన మనిషి. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులో గుడి ఉత్సవానికి కుటుంబమంతా కలిసి పాడేవాళ్ళ కోసం వెతుకుతున్నారు. గురునాథరావు ఆ రోజు పొద్దున్నే గెడ్డం గీసుకుని, ఇస్త్రీ పంచె కట్టి, కొత్త చాప పరిపించాడు.

మూడు పాటలు బాగా సాగాయి. రామచంద్రరావు గారు తొడ మీద తాళం వేస్తూ తలాడించారు. నాలుగోది అప్పలకొండ తల్లి కట్టిన పదం. దాన్ని కోడలు ఒక్కతే ఎత్తుకోవాలి.

*కొండ దిగి రావద్దు, కోరికలు తీర్చొద్దు,*
*సామి నీ కళ్ళు చాలు, చల్లగా చూస్తే చాలు.*

రజనీకుమారి నోటుబుక్కు చూసుకుంటూ శ్రుతి తప్పకుండా ఎత్తింది. అయితే ఆమె రాసుకున్న హిందీ అక్షరాల్లో "ళ" లేదు. "సామి నీ కల్లు చాలు" అని పాడింది. ఒకసారి కాదు, పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా.

రామచంద్రరావు గారు నవ్వాపుకోలేకపోయారు. "అమ్మాయీ, సామికి కల్లు పోయించేశావే!" అన్నారు. ఆ మాటలో ఎకసెక్కం లేదు. రజనీకుమారి మొదట అర్థం కాక చూసి, రాజేశ్ చెవిలో చెప్పాక తనూ పకపకా నవ్వింది. గురునాథరావు కూడా నవ్వాడు. నవ్వుతున్నప్పుడు ఆయన కింది పెదవి ఎడమపక్కకి లాగింది. అది చూసి అప్పలకొండ చేతిలో తాళాలు చల్లబడిపోయాయి.

హారతి అయింది. పులిహోర పెట్టారు. రామచంద్రరావు గారు బయల్దేరుతూ, "కబురు చేస్తాను గురునాథరావు" అన్నారు. సందు ఇరుకు గనక కారు వెనక్కి తీయించడానికి రాజేశ్ మెయిన్ రోడ్డుదాకా వెంట వెళ్ళాడు. గురునాథరావు గుమ్మంలో నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చేతులు జోడించి ఉన్నాడు. తర్వాత లోపలికొచ్చి తలుపు మూసి, ఇనప అడ్డగడియ వేశాడు.

"పిల్లా, ఇలగ రా."

ఆకులు ఎత్తుతున్న రజనీకుమారి చెయ్యి కడుక్కుని వచ్చింది. "హా, మావయ్యా."

"కూకో. అను. కళ్ళు."

పాఠం చెబుతున్నాడనుకుందామె. నవ్వుతూనే కూర్చుంది. "కల్లు."

చిడత మోకాలి మీద పడింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"నాలిక మడతెట్టు. కళ్ళు."

"మావయ్యా... సారీ... కల్..."

ఈసారి భుజం మీద. మూడోది నోటి మీద. పై పెదవి చీలింది. ముందు పన్ను విరిగి నోటుబుక్కు మీద పడింది. తెల్ల కాగితం మీద రక్తం బొట్లుబొట్లుగా పడుతుంటే ఆ పిల్ల దాన్ని చేత్తో తుడవబోయింది, రాసుకున్న పాట పాడైపోతుందన్నట్టు.

"పెద్దమనిషి ముందర నా పరువు తీసినావు. దేవుడికి కల్లు పోస్తావేటే? అను!"

అప్పలకొండ హారతి పళ్ళెం పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళు కదల్లేదు. భయం ఒకటే కాదు కారణం. ఇవాళ దెబ్బలు తన మీద పడటం లేదని లోపల ఎక్కడో కొంచెం ఊపిరి తీసుకుంది. తర్వాత చాలాకాలం ఆమెకి నిద్ర పట్టనియ్యనిది ఆ ఊపిరే.

"అత్తమ్మా!" అని అరిచింది రజనీకుమారి.

అప్పుడు కదిలింది. పళ్ళెం పడేసి వెళ్ళి భర్త చెయ్యి పట్టుకుంది. "వొదిలియ్యి. పరాయి ఇంటి పిల్ల. సచ్చిపోద్ది, వొదిలియ్యి!" ఆయన విదిలించాడు. ఆమె నుదురు గుమ్మానికి కొట్టుకుంది. పడ్డాక పక్కటెముకల్లో తన్నాడు. ఒకటి, రెండు. ఊపిరి అందలేదు. నేల మీంచి చూస్తుంటే కోడలు గోడ మూలకి పాకుతోంది, ఆమె జడ ఆయన పిడికిట్లో ఉంది.

రాజేశ్ తిరిగొచ్చి ముందు తలుపు తట్టాడు. లోపలి చప్పుడు ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక సందులోంచి చుట్టు తిరిగి వంటగదిలోంచి వచ్చాడు. పెళ్ళాం ముఖం చూశాడు. తండ్రి మీదికి ఒంటి బరువంతా వేసి దూకాడు. ఇద్దరూ హార్మోనియం మీద పడ్డారు. మెట్లు విరిగిన హార్మోనియం ఒక్కసారి మూలిగింది. రాజేశ్ తండ్రి గుండె మీద మోకాళ్ళు వేసి, రెండు చేతులతో గొంతు పట్టాడు.

"ఆజ్ ఖతం," అన్నాడు. "బస్. ఆజ్ ఖతం."

గురునాథరావు మడమలు చాపని తన్నుకున్నాయి. ముఖం నల్లబడింది. నోట్లోంచి నాలుక బయటికొచ్చింది. ఇంతసేపూ పాడిన ఆ గొంతులోంచి ఇప్పుడు గురగుర తప్ప ఏమీ రావడం లేదు. అప్పలకొండ లేచి కూర్చుని చూసింది. అవనీ, అనుకుంది. కానియ్యి. ఆ మాట ఆమె మనసులో చాలా స్పష్టంగా వినపడింది.

తర్వాత కొడుకు చేతులు కనపడ్డాయి. ఆ చేతులకి బేడీలు కనపడ్డాయి. లేచి వాడి నడుం పట్టి లాగింది. రాలేదు. చెంప మీద కొట్టింది. వినలేదు. వంగి మణికట్టు కొరికింది, రక్తం నోట్లోకి వచ్చేదాకా.

రాజేశ్ వదిలేశాడు.

"జైలుకి పోతావేట్రా? ఈడి కోసమా? నీ పెళ్ళాన్ని సూడు ముందు!"

అతను పిచ్చివాడిలా చుట్టూ చూసి, మోకాళ్ళ మీదే పాకుతూ రజనీకుమారి దగ్గరికి వెళ్ళాడు. భుజం మీది తువ్వాలుతో ఆమె నోరు అదిమి పట్టాడు. అయిపోయిందనుకున్నారు అందరూ.

అవలేదు. గురునాథరావు దగ్గుతూ లేచాడు. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఇనప గడియ ఊడదీశాడు. బయటికి పోతాడనుకుంది అప్పలకొండ. ఆయన గడియ రెండు చేతులతో ఎత్తి కొడుకు వైపు తిరిగాడు. రాజేశ్ వీపు ఇటే ఉంది.

దీపపు సెమ్మె ఆమె చేతికి దగ్గరగా ఉంది. వెలుగుతున్న వత్తులతో సహా ఎత్తింది. అంత బరువు తను ఎత్తగలనని ఆమెకి తెలియదు. తిప్పి కొట్టింది. గురునాథరావు కుడి మోచెయ్యి పచ్చి కొమ్మ విరిగినట్టు విరిగింది. గడియ ఖంగుమని నేల మీద పడింది. ఆయన అరుస్తూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమె మళ్ళీ ఎత్తి భుజం మీద ఇంకోటి వేసింది. మొదటిది కొడుకు కోసం. రెండోది కాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. దాన్ని తర్వాత కూడా ఎప్పుడూ ఎవరి మీదకీ నెట్టలేదు.

నూనె చాప మీద ఒలికి మంట లేచింది. రజనీకుమారే లేచి తడి గోనె తెచ్చి దాని మీద వేసింది. నోట్లోంచి రక్తం కారుతూనే ఉంది. అప్పటికి పక్కింటి రాజేంద్ర, ఇంకో ఇద్దరు తలుపు తోసుకుని వచ్చారు. లోపల చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. "చాచీ, యే క్యా హువా?" అన్నాడు రాజేంద్ర. పుట్టినప్పట్నుంచి ఆ గోడకి అవతల ఉన్నవాడు. అప్పలకొండ అతని వైపు చూసి, "నీకు తెలీదేటి?" అంది. రాజేంద్ర తల దించుకుని ఆటో తేవడానికి వెళ్ళాడు.

ఆస్పత్రిలో రజనీకుమారి పెదవికి తొమ్మిది కుట్లు పడ్డాయి. అప్పలకొండకి రెండు పక్కటెముకలు చిట్లాయి. గురునాథరావు మోచేతికి ఆపరేషన్ చేశారు. డ్యూటీలో ఉన్న పోలీసు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఇలాంటి ఇళ్ళు చాలా చూసిన మనిషి. తనే జవాబు అందిస్తూ అడిగాడు, "గిర్ గయే థే క్యా, అమ్మా?"

పడ్డాడా? ఆ మాట ఆమె నాలుక మీద ఎన్నేళ్ళనుంచో సిద్ధంగా ఉంది.

"గిరే నహీ," అంది అప్పలకొండ. "మైనే మారా. దో బార్."

నేనే కొట్టాను, రెండుసార్లు, అన్న ఆ మాటకి పోలీసు కలం ఆపి చూశాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, తనకి వచ్చిన హిందీలో మొదటి శనివారం నుంచి మొదలుపెట్టింది. గోడ, నుయ్యి, చెవి, కొడుకు ఎముక. రానిచోట తెలుగులో చెప్పింది. పక్క మంచం మీంచి రజనీకుమారి, కుట్లు పడ్డ నోటితో, ముక్కముక్కగా దాన్ని హిందీలోకి మార్చి చెప్పింది. రాజేశ్ గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు.

కేసులు రెండు రాసుకున్నారు. ఆమె మీద ఒకటి, ఆయన మీద ఒకటి. ఆస్పత్రి నుంచి గురునాథరావుని ఆయన తమ్ముడు అప్పలసూరి నందిని గనుల ఊళ్ళో తనింటికి తీసుకెళ్ళాడు. ఇద్దరికీ బెయిలొచ్చింది, ఆయనకి ఇంటి ఛాయలకి రాకూడదన్న షరతు మీద.

నెల తిరక్కుండా రామచంద్రరావు గారొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సిందమ్మా," అన్నారు.

"తమరు నవ్వడం తప్పు కాదండి. నవ్వొచ్చే మాటే."

ఆయన అప్పుడు అసలు మాట చెప్పారు. గురునాథరావు కబురు పంపాడు. దేవుడి పటం ముందు ఆమె క్షమాపణ చెప్పుకుంటే, కేసు వెనక్కి తీసుకుంటే, ఆయన వస్తాడు, మళ్ళీ భజన మొదలుపెడదామన్నాడు. "ఎంతైనా ఆదర్శమైన కుటుంబం అని ఊరంతా..." అంటూ మాట మధ్యలోనే ఆపేశారు. ఎదురుగా రజనీకుమారి మంచినీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. పెదవి మీద కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది.

"క్షమాపణ సెప్పుకోవాలండి," అంది అప్పలకొండ. "రెండో దెబ్బకి అప్పన్నకి రోజూ సెప్పుకుంటన్నాను. ఆయనకి సెప్పను. ఆయన రావొద్దు."

రామచంద్రరావు గారు నీళ్ళు తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

నాలుగు శనివారాలు ఆ ఇంట్లో పాట లేదు. ఆరు గంటలకి ముగ్గురూ ఏదో ఒక పని కల్పించుకుని ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిరిగేవారు. అయిదో శనివారం రజనీకుమారి కొత్త చాప తెచ్చి పరిచింది.

"అత్తమ్మా, పాడదాం."

"నీకు భయం నేదేటమ్మా, ఆ గదిలో?"

"ఉంది. అందుకే. మీరు పైకి పాడండి. నేను వినలేదు కదా ఎప్పుడూ," అంది.

అప్పలకొండ పటం ముందు కూర్చుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎత్తినట్టు ఎత్తింది. గొంతు సగం దాకా వెళ్ళి చీలింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ చీలింది. ముప్పై నాలుగేళ్ళు అణిచిపెట్టిన గొంతు పిలవగానే రాలేదు. ఆమెకి ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. దేవుడి ముందు కూర్చుని అంత కోపంగా ఎప్పుడూ లేదు. ఆ కోపంతోనే మూడోసారి ఎత్తింది. గరగరలాడుతూ, వంకరగా, ఎలాగో పైకి పోయింది. కోడలు కింద శ్రుతిలో అందుకుంది.

రాజేశ్ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. డోలక్ మూల గోడకి ఆనించి ఉంది. పాట మధ్యలో రజనీకుమారి అతన్ని పిలవబోతే, చిన్నప్పుడు తాళం తప్పినందుకు విరిగిన ఎముక గుర్తొచ్చి అప్పలకొండ చేత్తో వారించింది.

అతను ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. ఆమె ఒక్కసారి కూడా రమ్మని అనలేదు.