ఒళ్లు చేసిన మనిషి

ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే అల్లాబకాష్ ఒకప్పుడు తొంభై అయిదు కిలోల మనిషి. పొద్దున పని ముందు కూర్చుంటే మాపటికి లేచేవాడు. కూర్చున్న చోటికే పళ్లెం వచ్చేది. భార్య రహీమాబీ ఆ బొజ్జను చూసుకుని మురిసిపోయేది. మొగుడు ఒళ్లు చేశాడంటే ఇల్లాలికి పేరు కాదూ మరి.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో మసీదు మెట్లెక్కుతూ ఆయాసపడి, కళ్లు తిరిగి పడ్డాడు. ఆత్మకూరు డాక్టరు బీపీ చూశాడు, మూత్రం పరీక్ష చేయించాడు.

"చక్కెర మొదలయినాది. ఈ బరువుతో గుండె మీద భారం పడతా ఉండాది. పదిహేను కిలోలు తగ్గితే బీపీ, చక్కెర రెండూ దారికొస్తాయి. లేకుంటే గుండెకు ముప్పే" అన్నాడు.

రహీమాబీ ఆ మాట గట్టిగా పట్టుకుంది. నెయ్యి, డాల్డా అటకెక్కించింది. పూటకు రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. తెల్లవారగానే కొండ మొదలుదాకా నడిపించేది. ఏడాది తిరిగేసరికి ఆయన పద్నాలుగు కిలోలు తగ్గాడు. ఆయాసం పోయింది. "నేను మెచ్చుకున్నానని మీ ఇంటామెకు చెప్పు" అన్నాడు డాక్టరు.

డాక్టరు మెచ్చుకుంటే చాలా, ఊరు మెచ్చొద్దూ? ఆ రోజుల్లో మనిషి చిక్కాడంటే మనవాళ్లకు తోచేది ఒకటే రోగం. ఒక పెళ్లిలో అల్లాబకాష్ అక్క సుగ్రాబీ రహీమాబీని పక్కకు పిలిచింది.

"ఏందే, నా తమ్ముడు ఇట్టా ఎండిపోయినాడు? టీబీ అంట గదా. అందరూ అనుకుంటా ఉండారు."

ఆ వారమే వింజమూరు అంగడి వెంకటరమణయ్య చెంచాల మూట వెనక్కి పంపాడు. "నోట్లో పెట్టుకునే వస్తువు సాయిబూ, ఎవురూ కొనడం లేదు. ఏమీ అనుకోబాక" అని కబురు.

రహీమాబీకి తల కొట్టేసినట్టయింది. మొగుణ్ని మాడ్చి రోగిష్టిని చేసిందన్న మాట పడలేకపోయింది. నెయ్యి అటక దిగింది. పొద్దున పరోటా, మధ్యాహ్నం పలావు.

"డాక్టరు చెప్పింది మర్చినావా?" అన్నాడు ఆయన.

"కొంచెం ఒళ్లొస్తే ఊరి నోరు మూతపడతాది. తర్వాత తగ్గుదురు లే. నా కోసం తినండి."

ఆమె కోసమే తిన్నాడు, పిచ్చి మనిషి. ఒళ్లొచ్చింది. చెంచాలకు గిరాకీ వచ్చింది. నడక మానేశాడు. తగ్గడం వచ్చే నెలకీ, ఆ వచ్చే నెలకీ వాయిదా పడుతూ పోయింది. ఆయాసం తిరిగొస్తే ఆమె వినీ విననట్టు ఊరుకుంది.

ఎనభై మూడులో ఒక మధ్యాహ్నం పళ్లెం ముందే గుండె పట్టుకున్నాడు. ఆత్మకూరు చేరేలోపే పోయాడు. నలభై ఆరేళ్లు.

పరామర్శకు వచ్చిన సుగ్రాబీ ఆమెను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. "నువ్వేం తక్కువ చేసినావే. చిక్కిపోయినోడిని మళ్లీ మనిషిని చేసినావు. పొయ్యే రోజు గూడా ఎంత బాగుండాడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవునన్నారు. ఆ మెప్పు రహీమాబీకి తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

"ఆయన బాగుండింది చిక్కినప్పుడే, ఆపా" అంది వదినతో. "నాకు తెలుసు. తెలిసే పెట్టినాను."