అమ్మిరాజు వేసిన అతుకు

తెలీబంధా చెరువుకి ఎదురుగా, రేకుల షెడ్డులో అమ్మిరాజు పాత కార్లు బాగుచేస్తాడని రాయ్‌పూర్‌లో కార్లున్నవాళ్లందరికీ తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని కూడా తెలుసు. రైల్వే వాగన్ షాపులో ఇరవయ్యేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఉద్యోగంలో ఉండగా ఆదివారాలు మాత్రమే కార్లు చూసేవాడు, ఇప్పుడు వారమంతా అదే పని. పనిమంతుడే, అందులో అబద్ధం లేదు. కాకపోతే తన పనికి తానే సర్టిఫికెట్టు ఇచ్చుకునే అలవాటొకటి ఉంది. ఆ అలవాటే ఒక కొంప ముంచింది. ఆ మునిగిన కొంపయినా తనది కాదు, చెల్లెలిది.

1991 ఆగస్టులో ఒక ఉదయం, ఒక కుర్ర లాయరు నల్లటి పాత మోరిస్ కారుని నలుగురి చేత తోయించుకుంటూ వచ్చాడు. పోసిన పెట్రోలు పోసినట్టే కార్బురేటరు లోంచి పొంగి కారిపోతోందనీ, స్టార్టు చేస్తే నాలుగుసార్లు నల్లపొగ కక్కి ఆగిపోతోందనీ హిందీలో మొరపెట్టుకున్నాడు. అమ్మిరాజుకి ఆ మొర సగమే వినిపించింది. ఆయన నంబరు ప్లేటు చూస్తూ నిలబడిపోయాడు.

అది రైస్ మిల్లు సేఠ్ బండి. పదమూడేళ్ల కిందట దాని కార్బురేటరు విప్పి బిగించింది తానే. ఆ తరవాత కొన్ని నెలలకే సేఠ్ కొత్త కారు కొనుక్కుని దీన్ని గోదాములో పడేశాడు. ఇన్నాళ్లకి సేఠ్ కొడుకు దాన్ని లాయరుకి అంటగట్టాడన్నమాట.

అప్పట్లో ఆ బండి నడిపినవాడు పున్నయ్య, అమ్మిరాజు చెల్లెలు పైడమ్మ మొగుడు. బొబ్బిలి నుంచి అతన్ని రప్పించి, సేఠ్ దగ్గర పనిలో పెట్టించింది అమ్మిరాజే. కార్బురేటరు బాగుచేసిన నెలకే సేఠ్ గొడవ లేవదీశాడు. పెట్రోలు ఇదివరకటికి రెండింతలు తాగుతోంది, డ్రైవరు రబ్బరు గొట్టం పెట్టి లాగి అమ్ముకుంటున్నాడు అన్నాడు. అమ్మిరాజుని పిలిపించి ఒకటే ప్రశ్న వేశాడు. లోపం బండిలో ఉందా, మనిషిలో ఉందా?

బానెట్ ఎత్తి చూస్తే సరిపోయేది. మహానుభావుడు ఎత్తలేదు. "బండి నా చేతిది సేఠ్‌జీ" అన్నాడు.

పక్కనే నిలబడ్డ పున్నయ్య గాభరాపడ్డాడు. "అది కాదు బావా, రోజూ పొద్దున్న బానెట్ కింద పెట్రోలు కంపు కొడతంది. నానే గుడ్డెట్టి తుడుస్తన్నాను, నీకు సెబుదారనే అనుకుంతన్నాను" అన్నాడు. అమ్మిరాజు అతని రెండు చేతులూ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్రోలు వాసనే. ఇంకేముంది, దొంగ దొరికాడు! తాను పెట్టించిన మనిషి, పైగా చుట్టం. వెనకేసుకొచ్చాడన్న మాట పడకూడదని అందరికంటే ముందు తానే తీర్పు చెప్పేశాడు. ఆ సాయంత్రం రైల్వే కాలనీ రామమందిరం దగ్గర తెలుగు పెద్దల ముందు కూడా అదే చెప్పాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు వాళ్లు. తరవాత పున్నయ్యకి రాయ్‌పూర్‌లో స్టీరింగు ఇచ్చినవాడు లేడు. పెళ్లాన్ని తీసుకుని ఊరి బయటున్న మందిర్ హసౌద్ పోయి, రోడ్డు పక్కన సైకిళ్లకి పంచర్లు వేసుకుంటూ బతికాడు. పైడమ్మ రెండేళ్ల కిందట కామెర్లతో పోయింది.

ఇదంతా గుర్తొస్తుంటే అమ్మిరాజు కార్బురేటరు దించి బల్లమీద పెట్టుకున్నాడు. దాని పెట్రోలు గిన్నె మూత తిప్పి చూస్తే లోపలివైపు గీకిన అంకె కనిపించింది, 417. వాగన్ షాపులో ఎవరి పనిమీద వాళ్ల టికెట్టు నంబరు, అంటే హాజరు బిళ్ల మీది అంకె, వెయ్యాలి. 417 తనది. అలవాటుకొద్దీ కార్లమీద కూడా వేసేవాడు. అంటే తన తరవాత దీన్ని ఎవరూ బాగుచెయ్యలేదు. చేసి ఉంటే ఆ గీతల పక్కన ఇంకొకడి స్పానర్ గాట్లయినా ఉండేవి.

గిన్నెలో ఇత్తడి ఫ్లోటు ఉంది. నిమ్మకాయంత బోలు డబ్బా. పెట్రోలు నిండేకొద్దీ అది తేలుతూ పైకి వచ్చి, ఒక సూదిని నెట్టి దారి మూస్తుంది. దారి మూసుకోకపోతే పెట్రోలు పొంగుతుంది. అంతే, అందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. అప్పట్లో ఈ ఫ్లోటుకి సన్నటి చిల్లి పడితే వేడినీళ్లలో ముంచి, బుడగ వచ్చిన చోటు పట్టుకుని, సీసం పోసి అతికాడు. ఇప్పుడు తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల చుక్క చప్పుడు లేదు. అతుకు గట్టిగానే ఉంది.

గట్టిగా ఉండదా మరి! చింతగింజంత సీసం. వాగన్ షాపులో అతుకంటే అలాగే వెయ్యాలి, దళసరిగా, ఇంకో ఇరవయ్యేళ్లు ఊడకుండా. పల్చగా వేసినవాణ్ణి ఫోర్‌మన్ అందరి ముందూ కడిగేసేవాడు. వాగను మోసేది టన్నుల బరువు, దానికి చింతగింజ ఒక లెక్కా?

కానీ ఇది వాగను కాదు.

తుక్కు డబ్బాలోంచి అలాంటిదే ఇంకో ఫ్లోటు వెతికి తీశాడు. స్టీలు గిన్నెలో పెట్రోలు పోసి, రెండూ పక్కపక్కన వదిలాడు. తుక్కులోది నడుం లోతున నిలబడింది. తన చేతిది మెడదాకా మునిగింది. ఆ బరువుతో అది పైకి లేచేసరికే గిన్నె పొంగుతుంది. సూది సగమే మూసుకుంటుంది. బండి నిలబడి ఉన్నంత సేపూ చుక్కచుక్కా కారుతూనే ఉంటుంది. పొద్దున్నే ఎవడో ఒకడు గుడ్డ పెట్టి తుడవాల్సిందే.

అతుకుని ఆకురాయితో అరగదీశాడు. మళ్లీ గిన్నెలో వేసి చూశాడు, మళ్లీ అరగదీశాడు. రెండూ ఒకే మట్టాన తేలాక సూది మొన తుడిచి, అన్నీ బిగించి హ్యాండిల్ తిప్పాడు. రెండో తిప్పుకే బండి అందుకుంది. పొగ లేదు, కారడం లేదు. మొత్తం గంటన్నర పని. లాయరు "కమాల్ హై చాచా!" అని భుజం తడితే అమ్మిరాజుకి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఈ గంటన్నర ఆనాడు పెట్టి ఉంటే!

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కావచ్చు, పట్టుకోకుండా ఉండలేకపోయాడు. షెడ్డుకి తాళం వేసి, మందిర్ హసౌద్ బస్సెక్కాడు. దారి పొడుగునా పున్నయ్య ఏం తిడతాడో అనుకుంటూ, ఎంత తిడితే అంత మంచిదనుకుంటూ వెళ్లాడు.

పున్నయ్య తొట్టి నీళ్లలో సైకిలు ట్యూబు ముంచి చూస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. "రా బావా, ఏటిలగొచ్చినావు? తబియత్ బాగుందా?" అన్నాడు.

అమ్మిరాజు కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. సీసం, బరువు, రెండు ఫ్లోట్లు, 417. "తప్పు నాదిరా పున్నయ్యా. బండిదే దోషం. నువ్వు తియ్యలేదు" అన్నాడు.

"నాకు మాలూమే బావా."

"ఎలగ తెలుసు?"

"నాను తియ్యలేదని నాకు తెల్దేటి? నాను గాకపోతే మిగిలింది బండే గదా." పున్నయ్య గొంతులో కోపం లేదు. ట్యూబు తుడిచి, చిల్లి చుట్టూ రంగు పెన్సిలుతో గీశాడు.

"రేపు ఆదివారం. రామమందిరం కాడ అందర్నీ పిలిచి సెప్పేస్తాను. కాళ్లట్టుకోమన్నా పట్టుకుంతాను" అన్నాడు అమ్మిరాజు. ఆయన నోట కూడా చిన్నప్పటి బొబ్బిలి మాట వచ్చేసింది.

"సెప్పుకో, నాను వద్దనను. ఆల్లల్లో సగం మంది పోనారు, మిగిలినోలు మరిసిపోనారు." పున్నయ్య ట్యూబుని మోకాలిమీద పరుచుకున్నాడు. "వినాల్సింది ఒకర్తే బావా. పైడి."

"పైడికి నీమీద నమ్మకం..."

"నన్ను ఒక్కపాలి కూడా అడగనేదు, తీసినావా అని. అడిగుంటే నేదని సెప్పుందును. మా అన్నియ్య ఊరికే అనడు అనుకుంది. తిట్టనేదు, అలగనేదు. నా మొగుడి పాపం పోవాలని మొక్కుకుంది. పదకొండేళ్లు బావా, శనోరం వొస్తే పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు."

చెల్లెలు భక్తురాలని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నవాడు అమ్మిరాజే.

"పోనాది కూడా శనోరమే, నీకు తెలుసు గదా. నువ్వొచ్చేతలికి అయిపోనాది. అంతకు ముందు తులసినీల్లు నోట్లో పొయ్యబోతే ఇయ్యాల శనోరం అని పెదాలు మూసేసుకుంది. ఎంత బతిమాలినా తెరవనేదు."

తిట్లు తినడానికి వచ్చిన అమ్మిరాజుకి అవి కూడా దక్కలేదు. పోయే బస్సులూ వచ్చే లారీలూ చూస్తుండగా, రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, అరవయ్యేళ్ల మనిషి చెల్లెలి పేరు పెట్టి ఏడ్చాడు. పున్నయ్య ఊరుకోమనలేదు. ఊరుకోబెట్టడం అతని వల్ల కాలేదు.