ప్రభువు బల్ల గ్లాసులు

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల. ముందురోజు సాయంత్రం, ద్రాక్షరసం పోసే చిట్టి గ్లాసులన్నీ మా వంటింటి సింకులోకి వచ్చిపడతాయి. వేలు దూరనంత చిన్నవి. పుల్లకు గుడ్డ చుట్టి ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి కడగాలి. ఆశీర్వదించేది పాస్టరయ్య, పంచేది సంఘ పెద్దలు, కడిగేది మాత్రం సంఘ కార్యదర్శి పెళ్ళాం. కార్యదర్శి మా ఆయన దివాకర్, గుంతకల్లు రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఆయన పెళ్ళాం రాహేలు, అంటే నేను, ఇరవై ఏళ్ళుగా వకీలుని. కోర్టులో జడ్జిగారు నన్ను మేడం అంటారు. ఇంట్లో మా అత్త చెన్నమ్మ నా వెనక నిలబడి, "నీళ్ళు చూసి వాడు మే, రేపు కొళాయి రాదు" అంటుంది. కడిగిన ప్రతిసారీ అంటుంది. చేతులు నావి, కొళాయి ఆమెది.

మా ఆయన నన్ను పనిచేయనివ్వలేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. పెళ్ళయిన కొత్తలో వాకిట్లో నా వకీలు బోర్డు కొట్టించింది ఆయనే. పైన పెద్ద అక్షరాల్లో తన పేరు, దాని కింద 'గారి భార్య' అని, ఆ కింద నా పేరు. ఆ బోర్డు చూసి చాలామంది కాగితాలు ఆయన చేతికే ఇచ్చేవాళ్ళు. ఆయన వాటిని తెచ్చి, ఏదో బహుమానం ఇస్తున్నట్టు నా బల్ల మీద పెట్టేవాడు. పొద్దున్నే లేచి సంగటి కెలికి, అత్తకు ఇన్సులిన్ సూది వేసి, ఆయన క్యారియర్ కట్టి, ఆ తర్వాత నల్లకోటు తొడుక్కుంటాను. కోటు మీద సంగటి మెతుకు ఎండిపోయి కనిపిస్తే తోటి వకీళ్ళు ఒకరికొకరు చూపించుకుని నవ్వుతారు. మా ఆయన చొక్కా మీద ఏనాడూ మరక ఉండదు. దాన్ని ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ నేనే కదా.

నా కేసులంటే ఇంట్లో మొదటినుంచీ గిట్టదు. ఒక ఊళ్ళో పీర్ల చావిడికి కొందరు అడ్డం పడినప్పుడు, దాన్ని చూసుకునే బుడేన్ సాబ్ తరఫున వాదించాను. "తురకోళ్ళ పీరుకూ నీకూ ఏమి సంబంధం?" అన్నాడు దివాకర్. ఆ ఊళ్ళో పీర్లను ఎత్తేవాళ్ళలో సగం మంది హిందువులే. ఎవరి మొక్కు వాళ్ళది, దాన్ని ఇంకొకడు ఆపకూడదు, నాకున్న సంబంధం అంతే అన్నాను. తర్వాత మా సంఘంలోనే పాపన్న అనే పెద్దమనిషి, కోడలు జ్యోతిలక్ష్మి చేత బొట్టు చెరిపించి, ఆ పిల్ల పుట్టింటినుంచి తెచ్చుకున్న ఎల్లమ్మ పటాన్ని వీధిలో పారేస్తే, కోడలి తరఫున ఆయనకు నోటీసు పంపాను. సంఘమంతా భగ్గుమంది. "క్రైస్తవురాలివై ఉండి విగ్రహం పక్కన నిలబడతావా తల్లీ?" అని అడిగాడు పాస్టరయ్య. విగ్రహం పక్కన కాదయ్యా, ఆ పిల్ల పక్కన నిలబడ్డాను అన్నాను. అప్పటినుంచి పాపన్న నాకు వందనాలు చెప్పడం మానేశాడు. తిరిగి చెప్పే శ్రమ నాకూ తప్పింది.

ఇప్పుడు తిప్పమ్మ కేసు. వజ్రకరూరు పక్క ఊళ్ళో నాలుగు గొర్రెలు మేపుకునే ఒంటరి మనిషి. తొలివాన పడగానే ఆ చేలల్లోకి ఎక్కడెక్కడి జనమో వచ్చి వజ్రాల కోసం వంగి వెతుకుతారు. అప్పుడు పక్కవాడి దేవుడెవరని ఎవరూ అడగరు. తిప్పమ్మ శుక్రవారం సాయంత్రాలు తన ముందు గదిలో కొందరు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసి యేసు పాట పాడితే మాత్రం అడిగారు. శశికుమార్ అనే కుర్ర నాయకుడు మందిని వెంటేసుకొచ్చి, ఇది హిందువుల దేశం, ఇక్కడ ఈ పాటలు చెల్లవని అరిచి, ఆ గదికి తాళం వేశాడు. ఆమె ఇప్పటికీ పెరటి సందులోంచి దూరి వెనక గదిలో పడుకుంటోంది. స్టేషనుకు పోతే ఆమెనే కసిరి పంపారు. నేను దావా వేశాను. తాళం తీయాలి, ఆమె ఇంట్లో ఆమె ప్రార్థనకు ఎవరూ అడ్డు రాకూడదు. కోర్టు వరండాలో శశికుమార్ నా దారికి అడ్డం నిలబడి, "మేడం, దివాకరన్న శానా మంచోడు. ఆయన్ని అడిగినాకనే ఇట్లాంటి కేసులు పట్టుకోండి" అన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే నా స్కూటీ సీటు బ్లేడుతో నిలువునా కోసి ఉంది. భయపడలేదని చెప్పను. బాగా భయపడ్డాను. మర్నాడు సీటుకు గోనెపట్టా కట్టుకుని మళ్ళీ కోర్టుకు వెళ్ళాను.

ఆ శనివారం గ్లాసులు సగం కడిగానో లేదో, పాస్టరయ్యా పాపన్నా వచ్చి హాల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనకే తిప్పమ్మ. ఆమెకు కుర్చీ చూపించినవాళ్ళు లేరు. నేరుగా వంటింట్లోకి వచ్చి, నా కాళ్ళ దగ్గర చతికిలబడి, గుడ్డ అందుకుని కడిగిన గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది. దివాకర్ ఒక కాగితమూ, మూత తీసిన పెన్నూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సంతకం పెట్టు. తిప్పమ్మ వేరే లాయరును పెట్టుకుండాది. సోమవారం రాజీ అయిపోతాది."

మా కోర్టుల్లో ఒక పద్ధతి ఉంది. కక్షిదారు కేసు నడుమ వకీలును మార్చుకోవాలంటే, కొత్త వకాల్తా మీద పాత వకీలు 'నాకు అభ్యంతరం లేదు' అని సంతకం చేయాలి. ఆయన చేతిలోది అదే. తిప్పమ్మ వేలిముద్ర అప్పటికే పడి ఉంది. రాజీ షరతులు రాసిన కాగితం వెనక కుట్టి ఉంది.

"రాజీ ఎవరు మాట్లాడినారు?" అన్నాను.

"నేనే. మన సంఘం కట్టే కమ్యూనిటీ హాలుకు వాళ్ళు పెట్టిన అడ్డం తీసేస్తారు. ఇన్నాళ్ళూ పునాదుల్లోనే ఉండాది కదా. శశన్న మాట ఇచ్చినాడు."

శశన్న. నా సీటు కోయించినవాడు మా ఇంట్లో అన్న అయిపోయాడు.

"నన్ను ఒక్క మాట అడిగింటే ఏం పోతాది?"

"దివాకర్ని అడక్కుండా నువ్వు కేసు పట్టుకున్యావు కదమ్మా, అప్పుడేమి?" అన్నాడు పాపన్న హాల్లోంచి.

"సంఘం బాగు చూడల్ల తల్లీ. ఒక ముసలామె పాట కోసం అందరూ ఎండలో నిలబడల్లనా?" అన్నాడు పాస్టరయ్య మెత్తగా.

అదే మాట. వరండాలో శశికుమార్ అన్న మాటే, మా హాల్లో కూర్చుని మా పెద్దలు అంటున్నారు. మొగుణ్ణి అడుగు. దేశం మాది అంటూ అతను తాళం వేశాడు, సంఘం మాది అంటూ వీళ్ళు ఆ తాళం మీద చేతులు కలిపారు. ఆమె గదిలో ఆమె పాట గురించి ఇందరు మగవాళ్ళు టీలు తాగుతూ మాట్లాడుకున్నారు. ఆ టీ గ్లాసులు కూడా ఏ ఆడదో కడిగే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎదిరిపక్షం కోర్టులో ఉందనుకుని, సాయంత్రం ఇంటికొచ్చి దాని చొక్కాలు ఉతికాను. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న గ్లాసు జారి సింకులో పగిలింది.

కింద కూర్చున్న తిప్పమ్మకు ఇదేమీ పట్టలేదు. ముఖం వెలిగిపోతోంది.

"వచ్చే శుక్రవారం నుంచి నా గదిలో మళ్ళా పాడుకోవచ్చంట లాయరమ్మా. ఈ పాపన్న పెద్దాయన చెప్పినాడు. అందుకే ఆ కాగితం మీద యాలు ఏసినా."

తడి చేతులతోనే దివాకర్ దగ్గర కాగితం లాక్కున్నాను. తిప్పమ్మ పక్కన కింద కూర్చుని, హాల్లోకి వినబడేలా చదివాను. తాళం తీస్తారు. తిప్పమ్మ ఇకమీదట ఆ ఇంట్లో ఎన్నడూ ప్రార్థన పెట్టదు, ఎవరినీ పిలవదు, పాట పాడదు.

తిప్పమ్మ చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. మెల్లగా లేచి హాలు గుమ్మం దగ్గరకు పోయి నిలబడింది.

"ఏమప్పా, పాట పోతాదని చెప్పలేదే నువ్వు?"

"అంతా నీ మంచికే తిప్పమ్మా" అన్నాడు పాపన్న.

"నా మంచి నాకు తెల్దా? నా యాలు నాకిచ్చెయ్యి."

పాపన్న నేల చూశాడు. పాస్టరయ్య గోడ గడియారం చూశాడు. మా అత్త ఎప్పటిలాగే నా వెనకే నిలబడి ఉంది, ఈసారి నీళ్ళ గురించి ఏమీ అనలేదు. దివాకర్ పెన్ను నా చేతిలో కుక్కి, "పెద్దోళ్ళ ముందర నా పరువు తీయద్దు. రాయి" అన్నాడు.

పెన్ను తీసుకున్నాను. ఆయన ముఖం తేటపడింది. 'నాకు అభ్యంతరం ఉంది. షరతులు దాచిపెట్టి ఈమె వేలిముద్ర తీసుకున్నారు' అని రాశాను. కింద నా పేరు ఒక్కటే పెట్టి, ఎవరి భార్యనో చెప్పకుండా సంతకం చేశాను. కాగితం మడిచి నా కోర్టు సంచీలో పెట్టుకున్నాను. సోమవారం జడ్జిగారి ముందు పెట్టాల్సింది అదే.

రాస్తున్నప్పుడే పైనుంచి వంగి చదివిన దివాకర్ నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. తర్వాత, "రేపు చర్చికి ఏ మొగం పెట్టుకోని వస్తావు?" అన్నాడు.

"రాను. రేపు తిప్పమ్మ వాకిట్లో కూచుంటా, ఆ తాళం ముందర. పాట ఆయమ్మ పాడుతాది, నాకు రాగం రాదు."

"మరి ఈ గ్లాసులు ఎవురు కడగల్ల?"

అంతసేపట్లో ఆయనకు ఇల్లు కూలిపోతున్నట్టు అనిపించింది బహుశా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే. సంచీ భుజాన వేసుకుని తిప్పమ్మతో బయటికి నడిచాను. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. గోనెపట్టా కట్టిన సీటు మీద ఆమెను కూర్చోబెట్టుకుని బండి స్టార్టు చేయబోతుంటే, వంటింటి కిటికీలోంచి కొళాయి తిప్పిన చప్పుడూ, గ్లాసుల గలగలా వినిపించాయి. ఆ వెంటనే మా అత్త గొంతు.

"నీళ్ళు చూసి వాడు రా, రేపు కొళాయి రాదు."