తవుడు మీద హాజరు

రామచంద్రపురం దాటాక కాలవ గట్టున ఉన్న రాజేంద్ర గారి రైస్ మిల్లులో హాజరు పుస్తకం లేదు. పొద్దున్న ఏడింటికి గుమస్తా చంద్రరావు గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పనివాళ్లు చెప్పులు బయట విడిచి ఒక్కొక్కరే లోపలికి నడుస్తారు. రాత్రంతా రాలిన తవుడు నేల మీద పల్చగా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఎవరి అడుగు వాళ్లకి పడుతుంది. నూకలు చెరిగే అప్పాయమ్మది వెడల్పాటి పాదం, బస్తాలు మోసేవాళ్లవి మడమలు లోతుగా దిగిన పాదాలు. చంద్రరావు అన్నీ చూసుకుని తలాడిస్తే హాజరు పడినట్టే.

ఆ తవుడు మీద మిల్లు మనుషుల అడుగులే పడతాయి. లారీ డ్రైవర్లు, కరెంటు రీడింగు తీసేవాళ్లు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఎంత బరువుగా నడిచినా తవుడు చెక్కుచెదరదు. ఎవరికైనా మిల్లుతో రుణం తీరిపోతే, ఆ సంగతి యజమాని నోటంట రాకముందే అడుగు లేచిపోతుంది. మొదట్నుంచీ ఇంతే గనక ఇందులో ఎవరికీ వింత కనపడదు. ధాన్యం తెచ్చే రైతులు కూడా ముందు మనిషి వెనక నేల చూసుకుంటారు. అడుగు పడితేనే అతని మాట మిల్లు మాట.

రెండో పంట దాళ్వా కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో సాయిప్రసన్న ఆ మిల్లుకి వచ్చింది. వాళ్లది నిడదవోలు. తండ్రికి స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు. ఎంబీయే చదివి, హైదరాబాదులో ఒక బిజినెస్ కన్సల్టింగ్ కంపెనీలో చేరి ఐదు నెలలైంది. వ్యాపారాల దగ్గరికి వెళ్లి, పని ఎక్కడ నత్తనడక నడుస్తోందో చూసి, ఏం మార్చాలో చెప్పడం ఆమె ఉద్యోగం.

"సలహాలు చెబితే జీతమిస్తారా! మీ నాయనమ్మ డెబ్బై ఏళ్లు ఊరికే చెప్పింది కదే" అని మేనమామ వేళాకోళం చేశాడు.

నవ్వేసింది గానీ, ఆ ఉద్యోగం కోసం తను పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. నాలుగు కంపెనీలు ఆఖరి ఇంటర్వ్యూ దాకా రానిచ్చి వద్దన్నాయి. ఇది ఐదోది. ఆరు నెలల ప్రొబేషన్. ఒంటరిగా చేస్తున్న మొదటి పని ఈ మిల్లే. రిపోర్టు నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ కొట్లో కూర్చుని కందిపప్పు తూచడమే.

"మొదటి పేజీలోనే ఒక పోస్టు తగ్గినట్టు చూపించాలి ప్రసన్నా. ఓనర్లు రెండో పేజీ తిప్పరు" అని మేనేజరు ఫణీంద్ర ఫోన్లో ముందే చెప్పాడు.

మొదటి రోజు తన వెనక తవుడు నున్నగా ఉండిపోవడం చూసి ఆమె చంద్రరావు వైపు తిరిగింది. "మీరు బయటివారు కదండీ, పడవు" అన్నాడతను. అది ఆమెకి న్యాయంగానే తోచింది. కన్సల్టెంటన్నాక రావాలి, చూడాలి, చెప్పి వెళ్లిపోవాలి.

మూడు రోజులు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో రాసుకుంది. అందరిలోకీ వీరబ్రహ్మం లెక్కే ఆమెకి మింగుడు పడలేదు. ఆయనకి అరవై దాటాయి. ముప్పై ఏళ్లుగా గుమ్మం లోపలి బల్ల దగ్గర కూర్చుంటాడు. రైతు గుప్పెడు ధాన్యం తెచ్చి ముందు పెడితే, నాలుగు గింజలు పంటి కింద వేసుకుని కటుక్కుమనిపించి, తేమ ఎంతుందో చెబుతాడు. ఆ పని మొత్తం కలిపినా రోజుకి నలభై రెండు నిమిషాలు. మిగిలిన పొద్దంతా రైతులతో కబుర్లు. ఎవరి చేలో నీళ్లు ఆలస్యంగా తీశారు, ఎవరికి కోతమిషను సమయానికి దొరకలేదు, ఎవరి కూతురికి పురుడొచ్చింది, ఇవీ ఆ కబుర్లు. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయని నాన్న అనే మాట ఆమెకి గుర్తొచ్చింది. తేమ చూడ్డానికి ఒక మీటరు చాలు. ట్రయల్‌కని ఒకటి తెప్పించి పెట్టింది కూడా.

బుధవారం సాయంత్రం లాడ్జి గదిలో మొదటి పేజీ మీద 'ధాన్యం తేమ పరిశీలకుడు - ఈ పోస్టు అనవసరం' అని టైపు చేసి లాప్‌టాప్ మూసేసింది. ఎవరికీ పంపలేదు, ఎవరితోనూ అనలేదు.

గురువారం పొద్దున్న వీరబ్రహ్మం చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. వెనక తవుడు నున్నగా ఉంది. చంద్రరావు తలాడించలేదు, తల దించుకున్నాడు. అప్పాయమ్మ చేట కింద పెట్టి నిలబడిపోయింది. వీరబ్రహ్మం వెనక్కి చూసుకుని, భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

సాయిప్రసన్నకి నిన్న టైపు చేసిన వాక్యం గుర్తొచ్చింది. సిగ్గుతో ఆయన దగ్గరికి వెళ్లింది.

"వీరబ్రహ్మం గారూ, నేనే రాశానండి. ఇంకా పంపలేదు. ఉత్తినే రాసి పెట్టుకున్నాను."

"రాసిందెవరని నేను అడగలేదమ్మా" అన్నాడాయన. తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, "నా పళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి" అన్నాడు.



తొమ్మిదింటికి అచ్యుతరామరాజు గారి ట్రాక్టరు వచ్చింది. రాజుగారిది పక్క ఊరు. ముప్పై ఏళ్లుగా పంటంతా ఈ మిల్లుకే తోలుతున్నారు. గుప్పెడు ధాన్యం బల్ల మీద పెట్టారు. వీరబ్రహ్మం ముట్టుకోలేదు.

"నా అడుగు లేచిపోయిందండి రాజుగారూ. నా మాట చెల్లదు."

రాజుగారు వంగి నేల చూశారు. చాలాసేపు చూశారు. చంద్రరావు బితుకుబితుకుమంటూ మీటరు తెచ్చి, గింజలు పోసి, "తేమ పద్దెనిమిది శాతమండి, పదిహేడు దాటకూడదు" అన్నాడు.

"ఈ డబ్బాకి అడుగు పడుద్దా?"

"పడదండి."

"మరి దాని మాట నేనెందుకు నమ్మాలండీ? వీరబ్రహ్మం నా ధాన్యం నెమ్ముగా ఉందంటే ఎందుకుందో కూడా చెప్పేవాడు. ఏ మూల చేలో నీరు నిలిచిందో నాకంటే అతనికే బాగా తెలుసు." అని ట్రాక్టరు వెనక్కి తిప్పించారు. ఆయన వెనక వచ్చిన మరో రెండు ట్రాక్టర్లు గేటులోకి రానే లేదు.

తను కబుర్లని కొట్టిపారేసిందే ఆయన అసలు పని అని సాయిప్రసన్నకి అప్పుడు అర్థమైంది. నాలుగు కంపెనీలు వద్దన్న రోజుల్లో కూడా తన మీద తనకి ఇంత అసహ్యం కలగలేదు. ఆ మధ్యాహ్నమే మొదటి పేజీ చెరిపేసి ఫణీంద్రకి ఫోన్ చేసింది.

"ఆ పోస్టు తీయకూడదు సార్. ఆయన మాట మీదే ఈ మిల్లుకి ధాన్యం వస్తోంది."

"మాట అనేది షీట్లో ఏ కాలమ్‌లో పెడతావ్? ప్రసన్నా, నీ కన్ఫర్మేషన్ ఈ రిపోర్టు మీదుంది. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించే చెప్తున్నాను సార్."

శుక్రవారం పొద్దున్న అందరికంటే ముందొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. వీరబ్రహ్మం నడిచాడు. పడలేదు. వెనక్కి వెళ్లి, ఈసారి మడమలు గట్టిగా నొక్కుతూ నడిచాడు. తవుడు అలాగే ఉంది.

"చెరిపేశానండి, నిజంగా చెరిపేశాను" అంది ఆమె, ఏడుపు ఆపుకోలేక.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా. లేచిన అడుగు మళ్లీ పడటం నేనైతే చూడలేదు" అన్నాడు చంద్రరావు, కోపంగా కాదు.

పది గంటలకి ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఖాయం చేయడం లేదు, సోమవారం హైదరాబాదు వచ్చి లాప్‌టాప్ అప్పగించాలి. ఆమె అది చదివి ఫోను సంచిలో పడేసింది. వీరబ్రహ్మం బయట, ధాన్యం ఆరబోసే కళ్లం మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. పది నిమిషాలకి ఆయన నాలుగు గింజలు ఆమె అరచేతిలో పోశాడు.

"కొరుకు. నాలుకతో కాదు, చెవితో విను."

ఆ రోజంతా కొరికింది, శని ఆదివారాలూ కొరికింది. దవడలు వాచాయి. ఆయన పక్కన నోరు మూసుకుని కూర్చుని, దారిన పోయే రైతులు ఆగి చెప్పే కబుర్లు కూడా వింది. లాప్‌టాప్ శనివారమే రామచంద్రపురంలో కొరియర్‌లో వేసేసింది. ఇంటికి ఫోన్ చేసి ఉద్యోగం పోయిందని చెప్పింది. తండ్రి "ఎప్పుడొస్తావమ్మా?" అని మాత్రం అడిగారు. తెలియదు నాన్నా అంది.

సోమవారం పొద్దున్న వెళ్లొస్తానని యజమాని రాజేంద్ర గారికి చెప్పడానికి ఆమె మిల్లులోకి నడిచింది. ఇంకా గుమ్మం దాటి బల్ల దగ్గరికి చేరిందో లేదో, వెనకే అచ్యుతరామరాజు గారు ట్రాక్టరుతో వచ్చారు. చుట్టుపక్కల మిల్లులన్నీ తిరిగారట, ఎక్కడ చూసినా డబ్బాలేనట. ఆయన గుమ్మం బయట నిలబడ్డ వీరబ్రహ్మాన్ని కేకేశారు.

"ఏమయ్యా, నువ్వు లేకపోతే ఈ మిల్లులో మాట చెప్పేవాళ్లే లేరా?"

"ఆవిడ వెనక చూడండి రాజుగారూ" అన్నాడు వీరబ్రహ్మం.

రాజుగారు చూశారు. సాయిప్రసన్న కూడా తిరిగి చూసింది. గుమ్మం నుంచి బల్ల దాకా తవుడు మీద చిన్న చిన్న పాదాలు, ఐదేసి వేళ్లతో స్పష్టంగా పడి ఉన్నాయి. చంద్రరావు అప్పటికే తలాడించేశాడు.

ఒక మనిషిని లేపేసిన చోటే తనకి చోటు దొరికింది. అది దీవెనో శిక్షో ఆమె తేల్చుకోలేకపోయింది. వెళ్లిపోదామనుకుంది. గుమ్మం వైపు చూస్తే వీరబ్రహ్మం కదలకుండా నిలబడి, ఆమె ఏం చేస్తుందా అని చూస్తున్నాడు.

రాజుగారు గుప్పెడు ధాన్యం ఆమె ముందు పెట్టి, "చెప్పమ్మా" అన్నారు.

నాలుగు గింజలు తీసుకుని కొరికింది. వింది.

"మీ కాలవ పక్క చేలోవాండీ ఇవి? ఇంకో ఎండ తగలాలండి" అంది.

రాజుగారు మారుమాట్లాడకుండా ట్రాక్టరుని కళ్లం వైపు తిప్పమన్నారు.