వంటింట్లో దేవుని డబ్బా

"సంఘం బియ్యం తండా ఆమెకు పోస్తుందట మహిమ. రేపు పాస్టరుగారి కుర్చీ గూడ ఇచ్చేటట్టుంది" అని పక్కింటి ఆరోగ్యమ్మ వదిన బోరింగు దగ్గర నా గురించి అన్నదట. ఆ మాట ములకలపల్లి సెంటర్లో టీ తాగుతున్న మా ఆయన చెవిన పడింది. నేను ఎసట్లో బియ్యం పోస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిజమేనా?"

"అవ్."

"సంఘపెద్ద పెండ్లాం చేసే పనేనా? ఆదివారం ఆరాధన కాంగనే పెద్దలం కూసుంటం. అందరి ముందట తప్పయిందని చెప్పు. ఆమెను గూడ ఆ పొద్దే పంపియ్యాలె."

ఆమె పేరు ద్వాలి. మొగుడు ఇంకొకామెను తెచ్చుకుని, ఇద్దరు పిల్లలతో సహా ఈమెను బయటికి నెట్టాడు. అన్నలు మూడు రోజులు పెట్టుకుని, జాగ లేదన్నారు. బస్టాండులో చలికి ముడుచుకున్న ముగ్గుర్నీ నేనే చర్చి వెనక సండేస్కూలు గదిలోకి తెచ్చాను. ద్వాలి మిరపకాయలేరే కూలికి పోతే, మేం ఆడవాళ్ళం వంతులేసుకుని పిల్లల్ని చూస్తున్నాం. ఆ గది పోతే కూలీ పోతుంది, మళ్ళీ బస్టాండే. వాళ్ళకు చాప ఇచ్చింది ఆరోగ్యమ్మ వదినే. ఆమె నోరు అట్లాంటిది గానీ చెయ్యి అట్లాంటిది కాదు.

మా సంఘంలో ప్రతి ఇంటి ఆడదీ పూటపూటా వండే ముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తుంది. కొలిచిన బియ్యంలోంచే తీయాలి. తగ్గిందని పైన మళ్ళీ పోస్తే అర్పణ కాదట. ఆదివారం అన్ని డబ్బాలూ ఒక సంచిలో గుమ్మరిస్తాం. ఆ సంచి ఉండేది మా ఇంట్లోనే. పండుగ భోజనాలకు ఆ బియ్యం వండేదీ మేమే. మా ఆయనకు కొలత ముఖ్యం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కాస్త ఎక్కువ పోస్తే, "మీ అమ్మోళ్ళింట్ల గిట్లనే పారబోస్తరా?" అన్నాడు. నాకు అన్నం మిగలని ఒక పూట అత్తమ్మ, "మాడు గూడ అన్నమే బిడ్డా" అంది. పద్నాలుగేళ్ళుగా గిన్నె అడుగు గోకినప్పుడల్లా ఆ రెండు మాటలూ గరిటెకు తగులుతూనే ఉన్నాయి.

ఆదివారం పెద్దలు బెంచీల మీద, మేం చాపల మీద. తలుపు బయట ద్వాలి, చంకలో చిన్నది, కాళ్ళ దగ్గర పెద్దవాడు, చేతిలో మూట.

"అడగకుంట ఎట్ల ఇచ్చినవమ్మా?" అన్నాడు యేసుదానం పెద్దయ్య. "అందరం కడుపు కట్టుకొని దేవునికిచ్చిన బియ్యమాయె."

"తప్పయిందను, అయిపోతది" అని మా ఆయన పళ్ళు బిగబట్టి అన్నాడు.

ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా. ఉప్పెక్కువైనా, నీళ్ళు చల్లారినా రోజుకు పదిసార్లు అనేదే కదా. తలుపు దగ్గర చిన్నది నన్ను చూసి చెయ్యి ఊపింది. పక్కనున్న ఆరోగ్యమ్మ వదిన నా కొంగు పట్టుకుని, "లే, లేచి చెప్పు" అని గొణిగింది. ఏం చెప్పమన్నదో నాకు తెలియదు. లేచాను.

"పెద్దయ్యా, పిడికెడు తీసినంక మీ కంచంల ఏ పూటన్న ఒక్క ముద్ద తక్కువైందా? మా ఆడోళ్ళ కంచాలల్ల తగ్గిన ముద్దనే ఆమెకు పోసిన."